మెత్తటి ఆహారం అంటే ఏంటండీ డాక్టరుగారూ?

"రెండు వారాలు మెత్తటివి తినండి, గట్టివి ముట్టుకోకండి." ఈ ఒక్క వాక్యం చెప్పి మా నాన్నని ఇంటికి పంపించేశారు. కింది దవడ ఎముకలో రెండు టైటానియం మరలు బిగించారు, కుట్లు వేశారు, డెబ్భై వేల పైచిలుకు బిల్లు చేతిలో పెట్టారు. మందులు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చీటీ మీద చక్కగా రాసిచ్చారు. తిండి సంగతికొచ్చేసరికి మాత్రం ఆ ఒక్క వాక్యం, దాంతోపాటు ఇంగ్లీషులో అచ్చేసిన ఒక కాగితం. అంతే.

ఆ కాగితం నేను తర్వాత చదివాను. యోగర్ట్, మాష్డ్ పొటాటో, ఓట్‌మీల్, స్మూతీ, క్రీమ్ సూప్... ఇవి తినచ్చట. నట్స్, చిప్స్, పాప్‌కార్న్, స్టేక్ తినకూడదట. తెనాలిలో ఉండే డెబ్భై ఏళ్ళ మనిషికి స్టేక్ తినొద్దని చెప్పిన ఘనత ఆ కాగితానిదే! ఆవకాయ సంగతి లేదు. పోపులో ఆవాల సంగతి లేదు. చెగోడీల సంగతి, కొబ్బరిబోండాం సంగతి లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇరవై ఏళ్ళుగా ఆయన వేసుకుంటున్న షుగరు బిళ్ళ సంగతి అసలే లేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా ఇంట్లో జరిగింది చాలా ఇళ్ళల్లో జరిగేదేనని నాకు గట్టి నమ్మకం. ఇప్పుడు మన వయసు వాళ్ళలో అమ్మానాన్నలకి పళ్ళు కట్టించని వాళ్ళు తక్కువ. డబ్బు మనం పంపిస్తాం, డాక్టర్ని మనం వెతుకుతాం, రివ్యూలు చదివి స్టార్లు లెక్కపెట్టి ఎంచుకుంటాం. ఆపరేషన్ అయ్యాక మాత్రం "అన్నీ బానే జరిగాయి కదా, రెస్ట్ తీసుకోండి" అని ఫోన్ పెట్టేసి మన మీటింగుల్లోకి మనం వెళ్ళిపోతాం. నేనూ సరిగ్గా అదే చేశాను.

సరే, జరిగింది చెప్తాను.

ఆపరేషన్ మర్నాడు పొద్దున్నే ఏడింటికి నాన్న ఎప్పట్లాగే షుగరు బిళ్ళ వేసుకున్నారు. ఆయనది గ్లిమిపిరైడ్. వేసుకున్న కాసేపటికి టిఫిన్ తినడం ఆయన అలవాటు. ఆ రోజు అమ్మ ఇడ్లీ పెట్టింది. ఒక ముక్క నోట్లో పెట్టుకోగానే కుట్ల దగ్గర సలిపిందట, ప్లేటు పక్కన పెట్టేశారు. కాసిని మజ్జిగ తాగి పడుకున్నారు. పదిన్నర ప్రాంతంలో చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట తడబడింది. "ఆపరేషన్ నీరసంలే, పడుకోనీ" అనుకుంది అమ్మ. పక్కింటాయన కూడా షుగరు మనిషే కాబట్టి అనుమానమొచ్చి వాళ్ళింట్లో మిషన్ తెచ్చి చూశారు. 52. డెబ్భై కంటే తగ్గితేనే తక్కువ అంటారు, ఇది 52! పంచదార నీళ్ళు గ్లాసుతో పట్టిస్తే పావుగంటకి తేరుకున్నారు. ఆ పక్కింటాయన ఆ రోజు ఊళ్ళో లేకపోతే ఏమయ్యేదో ఆలోచించడానికి ఇప్పటికీ భయమే.

నాకు ఫోన్ వచ్చింది పదకొండున్నరకి. వెంటనే పళ్ళ డాక్టరుగారి క్లినిక్‌కి చేశాను. "షుగరు మందులు మా పరిధి కాదు సార్, మీ ఫిజీషియన్‌ని అడగండి" అన్నారు. ఫిజీషియన్‌కి చేస్తే, "ఇంప్లాంట్లు పెట్టించుకుంటున్నట్టు నాకెవరూ చెప్పలేదే! చెప్పుంటే ఆ రెండ్రోజులకి డోసు సంగతి చూసేవాణ్ణి కదా" అన్నారు. ఇద్దరూ మంచి డాక్టర్లే. ఇద్దరూ చెప్పిందీ నిజమే. మన భాషలో చెప్పాలంటే రెండు మాడ్యూళ్ళూ యూనిట్ టెస్టింగులో పాసయ్యాయి, మధ్యలో ఇంటర్‌ఫేస్ మాత్రం ఎవరిదీ కాదు. ఆ ఇంటర్‌ఫేస్ పేరు తిండి.

నా అభిప్రాయం ఇదీ: ఇంప్లాంట్ తర్వాత తిండి అనేది వంటింటి విషయం కాదు, వైద్యంలో భాగం. దాన్ని మందుల చీటీ అంత వివరంగా, వండే మనిషికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలి. అది ఇవ్వకపోతే అడిగి రాయించుకోవాల్సిన బాధ్యత పిల్లలుగా మనది.

"పన్నుకి ఇంత హడావిడా?" అంటారేమో. అసలు ఆ మర లోపల ఏం జరుగుతుందో తెలిస్తే అలా అనరు.

స్వీడన్‌లో బ్రేనెమార్క్ అనే ఆయన 1950ల మొదట్లో కుందేళ్ళ కాలి ఎముకల్లో టైటానియం గొట్టాలు పెట్టి ఏదో పరిశోధన చేసుకుంటుంటే, పని అయ్యాక అవి బయటికి రాలేదు. ఎముక వాటికి అతుక్కుపోయింది. ఆ అతుక్కుపోవడమే ఈ ఇంప్లాంట్ల వైద్యానికంతటికీ ఆధారం. 1965లో గోథెన్‌బర్గ్‌లో మొదటి మనిషికి ఇలా పళ్ళు పెట్టారు. అంటే మన డాక్టరుగారు ఆ రోజు బిగించే మర సగం పని మాత్రమే. మిగతా సగం మన ఎముక చెయ్యాలి. దానికి కింది దవడలో సుమారు మూడు నెలలు, ఎముక కాస్త గుల్లగా ఉండే పై దవడలో నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది.

ఇక్కడే చాలామందికి తెలియని కిటుకొకటి ఉంది. మర బిగించిన రోజు అది గట్టిగానే ఉంటుంది, చెక్కలో స్క్రూ బిగించినట్టు. తర్వాత శరీరం ఆ మర చుట్టూ దెబ్బతిన్న ఎముకని కరిగించి తీసేసి, కొత్త ఎముక పోసుకోవడం మొదలుపెడుతుంది. పాత పట్టు తగ్గుతూ ఉంటుంది, కొత్త పట్టు ఇంకా రాలేదు. ఈ రెండిటి మధ్య, దాదాపు రెండో వారం నుంచి నాలుగో వారం దాకా, మర పట్టు అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. పాత సర్వర్ ఆపేస్తూ కొత్త సర్వర్ మీదకి లోడు ఇంకా పూర్తిగా మార్చని రోజుల్లాంటివి అవి. ఆ సమయంలో మర వంద, నూట యాభై మైక్రాన్ల కంటే ఎక్కువ కదిలితే (అంటే ఓ తలవెంట్రుక మందం, లేదా రెండు) దాని చుట్టూ ఎముక బదులు పీచులాంటి కణజాలం ఏర్పడే ప్రమాదం ఉంది. అప్పుడు ఇంప్లాంట్ ఊగుతుంది. ఊగిందంటే తీసేయడమే. దీనికి రోల్‌బ్యాక్ లేదు.

ఇప్పుడు మన వాళ్ళ కాలెండరు చూడండి. మొదటి మూడ్రోజులు వాపు, నొప్పి, కాబట్టి అందరూ జాగ్రత్తగానే ఉంటారు. వారం పది రోజులకి కుట్లు తీస్తారు. పదిహేనో రోజుకి నొప్పి పూర్తిగా పోతుంది. "రెండు వారాలు" అని డాక్టరుగారు చెప్పిన గడువూ అయిపోతుంది. మూడో వారంలో మా పెదనాన్నగారి మనవడి గృహప్రవేశం వచ్చింది. నాన్న చెగోడీల పళ్ళెం ముందు కూర్చున్నారు. నేను చెయ్యి పట్టుకుంటే, "నొప్పే లేదురా, ఇంకా ఏంటి నీ గోల" అన్నారు. నిజమే, నొప్పి లేదు. కానీ పట్టు అన్నిటికన్నా తక్కువగా ఉన్న వారం అదే! నొప్పి పోయిందంటే చిగురు మానిందని అర్థం, ఎముక అతుక్కుందని కాదు. చిగురు తన సంగతి చెప్తుంది, ఎముక చెప్పదు.

ఇంకో సంగతి. సొంత పన్నుకి, ఎముకకి మధ్య సన్నటి పొర ఒకటి ఉంటుంది. అన్నంలో రాయి తగిలితే టక్కున దవడ ఆగిపోయేది దానివల్లే. ఇంప్లాంట్‌కి ఆ పొర లేదు. ఎంత గట్టిగా కొరుకుతున్నామో మనకి సరిగ్గా తెలియదు. కాబట్టి "గట్టిగా అనిపిస్తే ఆపేస్తాలే" అన్న లెక్క ఇక్కడ చెల్లదు.

సరే, మరి ఇంట్లో ఏం జరుగుతుంది? డాక్టరుగారు చెప్పకుండా వదిలేసిన ఖాళీని మన పథ్యం వచ్చి నింపుతుంది.

మా అమ్మ పథ్యం జాబితా వినండి. పప్పు తింటే చీము పడుతుంది. గుడ్డు వేడి. పెరుగు జలుబు చేస్తుంది. బంగాళాదుంప వాతం. వంకాయ, గోంగూర దురద. ఇవన్నీ తీసేస్తే ఇక మిగిలిందేమిటి? తెల్లన్నం మెత్తగా వండి చారుపోసి పిసికింది, బ్రెడ్డు పాలల్లో ముంచింది, బత్తాయి రసం. షుగరు ఉన్న మనిషికి! మొదటిరోజు తినక 52 కి పడిపోయిన షుగరు, నాలుగో రోజుకి ఈ జావలూ రసాలతో మూడొందలు దాటింది. ఇటు పడిపోయినా ప్రమాదమే, అటు పెరిగినా ప్రమాదమే. షుగరు అదుపు తప్పితే పుండు మానడం ఆలస్యమవుతుంది, చీము పట్టే అవకాశం పెరుగుతుంది. అంటే చీము పడుతుందని పప్పు మానేసి, నిజంగా చీము పట్టే పరిస్థితి తెచ్చుకున్నామన్నమాట.

పుండు మానాలంటే శరీరానికి ప్రోటీన్ కావాలి. మన హైదరాబాదులోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మామూలు ఆరోగ్యవంతుడికే కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. అరవై కిలోల మనిషికి సుమారు యాభై గ్రాములు. గుడ్డులో ఆరు గ్రాములుంటుంది. గ్లాసుడు పాలల్లో ఆరేడు గ్రాములు. గుప్పెడు కందిపప్పులో, అంటే ముప్ఫై గ్రాముల పచ్చి పప్పులో, ఇంకో ఆరేడు. ఇవి మూడూ నిషేధించి చారన్నంతో యాభై గ్రాములు ఎక్కడినుంచి తెస్తాం?

అలాగని అమ్మని తప్పుపట్టను. నిజానికి పథ్యం అనే పద్ధతిలో ఒక గొప్ప సంగతి ఉంది. వైద్యం అయ్యాక ఈ మనిషి తిండి నాది అని ఇంట్లో ఒకళ్ళు బాధ్యత తీసుకుంటారు. ఈ ఏర్పాటు ఏ ఆసుపత్రిలోనూ దొరకదు. తప్పు జాబితాలో ఉంది, పద్ధతిలో కాదు. డాక్టరుగారు ఆ పద్ధతిని వాడుకోకుండా, స్మూతీలూ స్టేకులూ ఉన్న కాగితం తినే మనిషి చేతిలో పెట్టారు. వండే మనిషితో ఒక్క ముక్క మాట్లాడలేదు. "పప్పు పెట్టొచ్చమ్మా, చీము పట్టదు" అని ఆయన నోటితో ఒక్క మాట చెప్పుంటే మా అమ్మ వినేది. నేను చెప్తే వినలేదు మరి, నేను చదివింది కంప్యూటర్లు కదా!

చివరికి మా ఫిజీషియన్‌గారినీ, ఇంకో పళ్ళ డాక్టరైన నా స్నేహితుణ్ణీ విసిగించి, మా ఇంటికి పనికొచ్చే కాగితం ఒకటి తెలుగులో రాసుకున్నాం. ఫ్రిజ్ మీద అంటించాం. దాని సారాంశం కింద ఇస్తున్నాను. ఎముక గ్రాఫ్టింగు, సైనస్ లిఫ్టు లాంటివి కూడా చేస్తే మీ డాక్టరుగారి షరతులు ఇంకా ఎక్కువుంటాయి, ఆయన మాటే ముందు.

మొదటి రోజు: తిమ్మిరి పూర్తిగా పోయేదాకా ఏమీ తినకూడదు, పెదవో బుగ్గో కొరుక్కున్నా తెలియదు. తర్వాత చల్లగా, లేదా చల్లార్చి. మజ్జిగ, పాలు, చల్లార్చిన రాగిజావ, వడకట్టిన పప్పుకట్టు, గరిటెతో బాగా మెదిపిన పెరుగన్నం. ఆ రోజంతా పుక్కిలించకూడదు, గట్టిగా ఉమ్మకూడదు, స్ట్రా వాడకూడదు. కుట్ల దగ్గర గడ్డకట్టిన రక్తమే అక్కడ కట్టు. నోట్లో పీల్చే ఒత్తిడి పుడితే అది ఊడొచ్చి మళ్ళీ రక్తం కారుతుంది. పరామర్శకి వచ్చినవాళ్ళు ప్రేమగా కొబ్బరిబోండాం కొట్టించి స్ట్రా వేసి ఇస్తారు చూడండి, ఆ నీళ్ళు మంచివే, ఆ స్ట్రానే కొంప ముంచేది. గ్లాసులో పోసుకుని తాగాలి. వేడి కాఫీ, టీ ఆ ఒక్కరోజుకి బంద్. (మా నాన్నకి అన్నిటికన్నా కష్టమైంది ఇదే.)

రెండో రోజు నుంచి వారం దాకా: గోరువెచ్చగా తినచ్చు. వాపు రెండు మూడు రోజులకి బాగా పెరిగి తర్వాత తగ్గుతుంది, భయపడక్కర్లేదు. మెదిపిన పప్పన్నం నెయ్యి వేసి, సాంబారులో బాగా నానిన ఇడ్లీ, ఉడికించి చిదిపిన గుడ్డు, చిదిపిన పనీరు, మెత్తగా ఉడికిన సొరకాయ, గింజ తీసిన పొట్లకాయ, బొప్పాయి, అరటిపండు. తిన్న ప్రతిసారీ గోరువెచ్చటి ఉప్పునీళ్ళు నోట్లో మెల్లగా తిప్పి వదిలెయ్యాలి, గలగలమని పుక్కిలించకూడదు.

పోపు: దీనికి వేరే పేరా ఇవ్వాల్సిందే. మన వంటలో మెత్తటిదంటూ ఏదీ లేదు, ఎందుకంటే అన్నిటి మీదా పోపు పడుతుంది. పప్పు మెత్తనే, అందులో ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప గింజలు? పొంగలి మెత్తనే, మిరియాలు? దద్ధోజనం మెత్తనే, శనగపప్పు, మినప్పప్పు? కుట్ల సందులో ఆవగింజ ఇరుక్కుంటే తీయడం ఎంత కష్టమో ఇరుక్కున్నవాళ్ళకే తెలుసు. వేలుపెట్టో, పుల్లపెట్టో కెలికితే అసలుకే ఎసరు. కుట్లు తీసేదాకా పోపు లేదు. ఉండలేకపోతే నేతిలో ఇంగువ వేసి కలుపుకోవాలి, వాసనకి వాసనా వస్తుంది. నువ్వులు, టమాటా గింజలు, జామకాయ, కారప్పొళ్ళు, ఉప్మారవ్వ పలుకులు కూడా ఇదే లెక్క. ఆవకాయ కారం మంటకీ, టెంకె గట్టితనానికీ కూడా నిషిద్ధమే.

రెండో వారం నుంచి డాక్టరుగారు సరే అనేదాకా: నొప్పి లేకపోయినా నమలడం రెండో వైపే. పప్పులో నానబెట్టిన చపాతీ, ముళ్ళు తీసిన చేప, మెత్తటి కూరలు. చెగోడీలు, జంతికలు, సకినాలు, అప్పడాలు, ఊరమిరపకాయలు, చెరుకు, వేరుశనగలు, మటన్ ఎముకలు, నమిలి పీల్చే ములక్కాడ, సాగే అరిసెలు... ఇవన్నీ ఎముక అతుక్కున్నాక. మనం పెట్టుకున్న గడువు రెండు వారాలు కాదు, కింది దవడకి మూడు నెలలు.

మందులు: నొప్పి బిళ్ళలు ఖాళీకడుపుతో వేసుకోకూడదు. షుగరు బిళ్ళ, ఇన్సులిన్ ఉన్నవాళ్ళు తినలేని రోజుల్లో ఎంత వేసుకోవాలో ముందే ఫిజీషియన్‌ని అడిగి కాగితం మీద రాయించుకోవాలి. సొంతంగా మానకూడదు, సొంతంగా వేసుకోకూడదు. రక్తం పలచబడే మందులదీ అదే సంగతి. మొదటి వారం ఇంట్లో గ్లూకోమీటరు ఉండి తీరాలి. షుగరు డెబ్భై కంటే తగ్గితే మూడు చెంచాల పంచదారో గ్లూకోజో నీళ్ళలో కలిపి ఇచ్చి పావుగంటకి మళ్ళీ చూడాలి. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి. సిగరెట్టు, గుట్కా, ఖైనీ గురించి వేరే చెప్పాలా? ఇంప్లాంట్లు ఫెయిలయ్యే కారణాల్లో పొగతాగడం ముందు వరసలో ఉంటుంది.

ఎప్పుడు ఫోన్ చెయ్యాలి: గుడ్డ నొక్కి పట్టినా రక్తం ఆగకపోతే, మూడో రోజు తర్వాత వాపు తగ్గకుండా పెరుగుతుంటే, జ్వరమొస్తే, చీము కనిపిస్తే, పెదవి తిమ్మిరి మర్నాటికి కూడా పోకపోతే, మర కదులుతున్నట్టు అనిపిస్తే. ఆగకూడదు.

అంతే. ఒక పేజీ. రాయడానికి మాకు పట్టిన సమయం గంటన్నర. ఇదే పేజీని ఒక క్లినిక్ ఒక్కసారి రాసుకుంటే పదేళ్ళు వాడుకోవచ్చు. డెబ్భై వేల బిల్లులో ఈ ఒక్క పేజీకి చోటు లేకపోవడమే నాకు మింగుడుపడని విషయం.

ఇప్పుడు ఎదుటివాళ్ళ వాదన కూడా చూద్దాం. నా స్నేహితుడే (పళ్ళ డాక్టరు) అన్నాడు, "ఇంప్లాంట్లు నూటికి తొంభై పైనే నిలబడతాయి. నువ్వు జనాన్ని భయపెడుతున్నావు. ఇంత పెద్ద జాబితా ఇస్తే చదివేవాడెవడు?" అని. మొదటి మాట నిజమే, ఇంప్లాంట్ మంచి వైద్యమే, నేను వద్దనట్లేదు. నాన్న రెండూ నిలబడ్డాయి, ఇప్పుడు చెగోడీలు హాయిగా తింటున్నారు. కానీ ఆ నూటిలో మిగిలిన వాళ్ళ సంగతేంటి? మరకి వారంటీ కార్డు ఇస్తారు. కొత్త మర ఉచితంగా రావచ్చు. మళ్ళీ కోయించుకోవడం, మళ్ళీ కొన్ని నెలలు ఆగడం, తగ్గిన ఎముక... వీటికి వారంటీ ఎవరిస్తారు? మన కంపెనీ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి యాక్సిడెంటయితే తప్ప పళ్ళ వైద్యం వర్తించదు కూడా. పైగా మా నాన్నకి ప్రమాదం వచ్చింది ఇంప్లాంట్ వల్ల కాదు, తిండి వల్ల. ఇంప్లాంట్ల లెక్కల్లో ఆయన సక్సెస్ కేసు! ఆ 52 ఏ లెక్కలోనూ కనిపించదు.

రెండో మాట, జాబితా పెద్దదైతే చదవరని. తినే మనిషి చదవకపోవచ్చు. వండే మనిషి చదువుతుంది. తన భాషలో, తన వంటల పేర్లతో ఉంటే ఖచ్చితంగా చదువుతుంది. మా అమ్మ ఆ కాగితం ఇప్పటికి ముగ్గురికి జిరాక్సు తీసిచ్చింది.

ఇక మన సంగతి. అమెరికా నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చి ఇక్కడ పళ్ళు కట్టించుకునే స్నేహితులకి ఒక మాట. అక్కడ ఖర్చు ఎక్కువ, ఇక్కడ తక్కువ, అర్థం చేసుకోగలను. కానీ మీ ప్లాను ఎలా ఉంటుందో ఓసారి చూసుకోండి. దిగగానే ఆపరేషన్, రెండో వారంలో పెళ్ళి, మూడో వారమంతా చుట్టాలిళ్ళల్లో భోజనాలు, వెళ్ళేటప్పుడు సూట్‌కేసు నిండా జంతికలు, అరిసెలు. మర పట్టు తగ్గే రోజులూ, మీ తిండి పెరిగే రోజులూ అచ్చంగా ఒకటే! ఏదైనా తేడా వస్తే చూసే డాక్టరుగారు పదమూడు వేల కిలోమీటర్ల దూరంలో ఉంటారు. "ఒక్క రోజులో పళ్ళు", "మూడు రోజుల్లో పళ్ళు" అనే ప్రకటనలు చూసి వచ్చేవాళ్ళయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పళ్ళు మూడు రోజుల్లో పెడతారు, నిజమే. లోపల ఎముక అతుక్కోవడానికి మాత్రం అందరికీ పట్టినన్ని నెలలే పడుతుంది. పైన తాత్కాలికపు పళ్ళున్నాయి కదా అని మొదటి వారాల్లోనే గట్టివి కొరకడం మొదలుపెడితే బరువంతా పడేది ఆ అతుక్కోని మరల మీదే.

ఇండియాలో ఉన్నవాళ్ళం మాత్రం తక్కువ తిన్నామా? శుక్రవారం సాయంత్రం ఇంప్లాంట్, సోమవారం స్టాండప్. మధ్యాహ్నం కాంటీన్‌లో ఏది మెత్తగా దొరికితే అది, లేకపోతే బిస్కెట్లు టీలో ముంచుకుని, దాని మీద ఖాళీకడుపుతో నొప్పి బిళ్ళ. రిలీజుకి ముందు కోడ్ ఫ్రీజ్ అంటే అందరం ఒప్పుకుంటాం. నోటికి ఫ్రీజ్ అంటే ఎందుకు ఒప్పుకోం?

కాబట్టి నేను కోరేది మూడే. పళ్ళ డాక్టర్లు ఒక పేజీ తెలుగులో, మన వంటల పేర్లతో రాయించి, వండే మనిషి చేతికివ్వాలి. షుగరో బీపీయో ఉన్న మనిషైతే కోత పెట్టకముందే వాళ్ళ ఫిజీషియన్‌తో ఒక్క ఫోన్ మాట్లాడాలి. మనం, అంటే డబ్బు పంపించే పిల్లలం, ఆపరేషన్ తేదీ అడిగినట్టే ఆ వారం తిండి ప్లాను కూడా అడగాలి. వీలైతే మొదటి రెండ్రోజులు సెలవు పెట్టి అక్కడ ఉండాలి. నేను ఉండుంటే ఆ రోజు పొద్దున ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టగానే ఎవరో ఒకరం అడిగేవాళ్ళం, "బిళ్ళ వేసుకున్నావా నాన్నా?" అని. ఆ ఒక్క ప్రశ్న అడిగేవాళ్ళు లేక అంత దూరం వెళ్ళింది.

పన్ను చిన్నదే. దాని వెనక ఉన్న మనిషి చిన్నవాడు కాదు కదా.

తా.క.: "పోపు లేకుండా పదిరోజులు ఎలా తిన్నారు?" అని అడిగారు మా బాబాయి. పదకొండో రోజు కుట్లు తీయించుకుని ఇంటికి రాగానే నాన్న చేసిన మొదటి పని, వంటింట్లోకి వెళ్ళి అమ్మతో "ఇవాళ పప్పులో రెండు పోపులు వెయ్యి" అనడం. అమ్మ వేసింది కూడా. నమిలింది మాత్రం రెండో వైపే, నేను దగ్గరుండి చూశాను!